మా విద్యార్థిని మాకు చెప్పిన పాఠం

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనేవాళ్ళం. తెలుగులో మాట్లాడవలసిందని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు. కారణం కూడా చెప్పినారు. మన ఇండ్లలో ఉర్దూ మాట్లాడే పిల్లలు వున్నారు గాని, చదవగలిగే పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నారు. సావనీరులో అచ్చయింది ఇంటిల్లిపాదీ చదవాలంటే తెలుగే మేలు అన్నారు. నిజమే. కనుక మా తెలుగులో ఎక్కడైనా ఒక ఒత్తు జారిపోతే పెద్ద మనసుతో మన్నించగలరు.

మాకు ఇచ్చిన అంశం 'ఆడపిల్లల చదువు'. ఈ వేదిక మీది నుండి ప్రతి యేడూ ఎవరో ఒకరు ఈ అంశం మీద మాట్లాడుతూనే వున్నారు. చదివించాలి అంటాం, చప్పట్లు కొడతాం, భోజనాలు చేసి ఇండ్లకు పోతాం. అందుకని ఈసారి ఉపదేశం చేయదలచుకోలేదు. మా దగ్గర చదువుకొని వెళ్ళిన ఒక అమ్మాయి తిరిగి వచ్చి మాకే ఒక పాఠం చెప్పింది. దాన్ని మీకు అప్పజెబుతాము.

ఆ పిల్ల పేరు చెప్పము. తనే వద్దన్నది. తండ్రి ఆటో నడుపుతాడు. తల్లి ఇంట్లో బీడీలు చేస్తుంది. మన నిజామాబాదు వైపు ఇది ఎవరి ఇల్లని అడిగితే ఏం చెప్పగలం? ప్రతి గల్లీలో పది ఇండ్లు ఇట్లాంటివే. పదో తరగతి దాకా మా బడిలోనే ఉర్దూలో చదివింది. ఇంటరు ఇంగ్లీషు మీడియంలో నానా తిప్పలు పడి గట్టెక్కింది. తరువాత హైదరాబాదులో ఒక కాలేజీలో డిగ్రీలో చేరింది. ముఖ్య విషయం అర్థశాస్త్రం.

ఈ కాలపు డిగ్రీల్లో మేజర్, మైనర్ అని వచ్చినాయి. మా కాలంలో మైనరు అంటే పద్దెనిమిదేండ్లు నిండనివాడు. ఇప్పుడు ఆ అర్థం కాదు. ముఖ్యంగా చదివేది మేజరు, దానికి తోడుగా చదివేది మైనరు. 2022లో యు.జి.సి. వారు వేసిన పద్ధతి ప్రకారం మూడేండ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లుంటే అందులో 24 మైనరుకు పోతాయి. అంటే చదువులో అయిదో వంతు. తక్కువేమీ కాదు.

ఒకనాడు సాయంత్రం ఆ పిల్ల ఫోను చేసింది. "సర్, మైనరుకు ఉమెన్స్ అండ్ జెండర్ స్టడీస్ తీసుకున్నాను" అన్నది. మాకు మొదట అర్థం కాలేదు. స్త్రీల గురించిన చదువట. "బేటీ, కంప్యూటరు తీసుకోరాదా? నాలుగు రాళ్ళు వచ్చే చదువు. ఆడపిల్లకు ఆడవాళ్ళ సంగతి కాలేజీవాళ్ళు కొత్తగా చెప్పేదేముంది?" అన్నాము. ఆ పిల్ల నవ్వి, "నేనూ అట్లనే అనుకున్న సర్. మొదటి వారంలోనే నాకేమీ తెలియదని తెలిసింది" అన్నది.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ పిల్లకు మన సంఘం స్కాలర్‌షిప్పు వుండేది. రెండో యేడు కాగితాలు వచ్చినప్పుడు కమిటీలో మేమూ వున్నాం. ఈ మైనరు పేరు చూచి ఒక పెద్దమనిషి, "ఇది పిల్లల తలకాయలు తిప్పే చదువు. దీనికి మన జకాతు, చందాల డబ్బు ఎందుకు?" అన్నారు. ఇంకొకరు, "రేపు సంబంధాలు ఎట్లా వస్తాయి?" అన్నారు. వారు చెడ్డ ఉద్దేశంతో అనలేదు. భయపడి అన్నారు. కాని ఆ పిల్లను ఒకటో తరగతి నుండి ఎరిగిన మేము నోరు విప్పి ఒక్క మాట అనలేదు. దరఖాస్తు 'తదుపరి సమావేశానికి వాయిదా' పడింది. తదుపరి సమావేశం ఫీజు గడువు దాటిన తరువాత జరిగింది. ఆ పిల్ల తల్లి చెవుల కమ్మలు కుదువబెట్టి ఫీజు కట్టింది. ఈ సంగతి మాకు ఏడాది తరువాత గాని తెలియలేదు. తెలిసిన రోజు ముద్ద దిగలేదు.

సరే, ఆ తలకాయలు తిప్పే చదువు ఏమిటో ఆ పిల్ల దగ్గరే అడిగి తెలుసుకున్నాము. దసరా సెలవుల్లో ఊరికి వస్తే బడికి పిలిచి, మేము విద్యార్థిగా, తను టీచరుగా కూర్చున్నాము.

ఈ చదువు అమెరికాలో పుట్టింది. 1970లో శాన్ డియాగో స్టేట్ కాలేజీలో మొదలయింది. మన దేశంలోకి అరువు సరుకుగా మాత్రం రాలేదట. 1971లో భారత ప్రభుత్వం స్త్రీల స్థితిగతుల మీద ఒక కమిటీని వేసింది. ఫుల్‌రేణు గుహ అధ్యక్షురాలు, వీణా మజుందార్ సభ్య కార్యదర్శి. 1974 చివర ఆ కమిటీ 'సమానత్వం దిశగా' అనే రిపోర్టు ఇచ్చింది. అందులో ఒక లెక్క వున్నది. 1901లో వెయ్యిమంది మగవారికి 972 మంది ఆడవారుండగా, 1971 నాటికి 930 మందికి పడిపోయినారు. స్వరాజ్యం వచ్చింది, బళ్ళు వచ్చినాయి, ఆసుపత్రులు వచ్చినాయి, ఆడవాళ్ళు మాత్రం తగ్గినారు! ఎందుకు తగ్గినారని అడగడం నుండే మన దేశంలో ఈ చదువు పెరిగింది. బొంబాయిలో ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయం 1974లోనే దీనికొక పరిశోధన విభాగం పెట్టింది. 1981లో మొదటి జాతీయ మహాసభ అక్కడే జరిగింది. 1985లో మన హైదరాబాదులో 'అన్వేషి' ఏర్పడింది. మన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఈ విషయాన్ని ఎం.ఏ. స్థాయిలో ఉర్దూలోనే చెబుతారు. గచ్చిబౌలిలో మన భాషలో చెప్పే చదువును మన కమిటీలో మనం అమెరికా రోగమన్నాము!

మొదటి పాఠం ఏమి చెప్పినారని అడిగినాము. "పుట్టుకతో వచ్చింది వేరు, పెంపకంతో వచ్చింది వేరు అని చెప్పినారు సర్. బిడ్డను కనడం పుట్టుకతో వచ్చింది. రొట్టె చేయడం పెంపకంతో వచ్చింది. హోటల్లో రొట్టె చేసేది మగవాళ్ళే గదా!" అన్నది. మాకు వెంటనే వ్యాకరణం గుర్తుకు వచ్చింది. ఉర్దూలో మేము ముజక్కర్, మువన్నస్ చెబుతాము. కుర్సీ ఆడది, దర్వాజా మగది. కుర్సీని చూచి అది ఆడదని ఎవడైనా గుర్తు పట్టగలడా? నలుగురూ అనుకున్నారు, అట్లా అయింది. మనుషుల సంగతిలో కూడా కొంత దేవుడు చేసినది, కొంత నలుగురూ అనుకున్నది వున్నదన్నమాట. రెంటినీ కలిపేసి, నలుగురూ అనుకున్నదాన్ని కూడా దేవుడి పద్దులో రాస్తాము.

అప్పుడు ఆ పిల్ల తెలుగు సంగతి ఎత్తింది. "సర్, తెలుగులో 'అతడు వచ్చాడు' అంటారు. 'ఆమె వచ్చింది' అంటారు. 'ఆవు వచ్చింది' అని కూడా అంటారు. ఆమెకూ ఆవుకూ ఒకటే క్రియ. కాని పదిమంది ఆడవాళ్ళు కలిసి వస్తే 'వచ్చారు' అంటారు. ఒక్కతెగా వున్నప్పుడు ఆవుతో జమ, పదిమందిగా వున్నప్పుడు మనుషులతో జమ!" అన్నది. తెలుగు పండితులు దీన్ని మహత్తు, అమహత్తు అంటారు. ఇన్నేండ్లుగా ఈ ఊళ్ళో తెలుగు వింటున్నాము, మాట్లాడుతున్నాము. మాకు తట్టలేదు. ఉర్దూ మీడియం పిల్లకు తట్టింది.

ఆ చదువు సుఖంగా సాగిందని అనుకోకండి. పుస్తకాలన్నీ ఇంగ్లీషు. ఒక్కొక్క పేజీకి డిక్షనరీ ఇరవైసార్లు తిప్పేది. రాత్రి హాస్టల్లో ఉర్దూలో రాసుకొని, పొద్దున్నే ఇంగ్లీషు చేసుకొనేది. అంతకన్న పెద్ద కష్టం ఇంకొకటి. క్లాసులో ముస్లిం స్త్రీల ప్రస్తావన వచ్చిన రోజు అందరి తలలూ తన వైపు తిరిగేవట. బురఖా గురించి చెప్పు, తలాక్ గురించి చెప్పు అని. "సర్, నేను అర్థశాస్త్రం చదివే పిల్లను. మా అమ్మ బీడీలు చేస్తుంది. దాన్ని గురించి ఎవరూ అడగరు. ముస్లిం స్త్రీ అంటే ఆ రెండు మాటలేనా?" అని బాధపడింది. ఇంటి దగ్గరనేమో, "ఆ చదువు చదివి బురఖా తీసేస్తావా?" అని అడిగేవారు. అక్కడా అదే ప్రశ్న, ఇక్కడా అదే ప్రశ్న. మధ్యలో పిల్ల.

కాని మా విద్యార్థిని ఏడ్చి ఊరుకొనే రకం కాదు. సెమినారులో మాట్లాడే వంతు వచ్చినప్పుడు బేగం రొకియాను ఎంచుకున్నది. రొకియా సఖావత్ హుసేన్ బెంగాలీ ముస్లిం మహిళ. 1905లో 'సుల్తానాస్ డ్రీమ్' అనే కథ ఇంగ్లీషులో రాసింది. ఆ కథలో ఒక దేశం. అక్కడ మగవాళ్ళు ఇంటి లోపల వుంటారు, ఆడవాళ్ళు రాజ్యం నడుపుతారు. మబ్బుల నుండి నీళ్ళు తోడుకుంటారు, సూర్యుని వేడిని పట్టి వంట చేస్తారు. నూటయిరవై యేండ్ల క్రితం రాసిన కథ! అది అచ్చయింది మద్రాసు నుండి వచ్చే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో. దాని సంపాదకురాలు కమలా సత్తియనాథన్ తెలుగింటి ఆడపడుచే. బెంగాలు ముస్లిం మహిళ కథను తెలుగు క్రైస్తవ మహిళ అచ్చువేసింది. రొకియా కథ రాసి కూర్చోలేదు. భర్త పోయిన తరువాత 1911లో కలకత్తాలో ఎనిమిది మంది ఆడపిల్లలతో బడి పెట్టింది.

తరువాత ఆ పిల్ల మన హైదరాబాదు సంగతి చెప్పింది. సుగ్రా హుమాయూన్ మీర్జా ఉర్దూలో నవలలు రాసి, 'అన్నిసా' అనే స్త్రీల పత్రిక నడిపి, ఆడపిల్లలకు బడి పెట్టించింది. మాసూమా బేగం 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో చేరింది. "వీరందరూ మావాళ్ళే. మమ్మల్ని తలుచుకున్నప్పుడు వీరిని కూడా తలుచుకోండి" అని ముగించిందట. క్లాసంతా చప్పట్లు కొట్టింది. లెక్చరరు అమ్మగారు లేచి వచ్చి వీపు తట్టినారట. ఈ పేర్లు మా బడి పిల్లలకు మేమెన్నడూ చెప్పలేదు. మాకే సగం తెలియదు.

ఒక సందేహం అడిగినాము. "బేటీ, ఆ పుస్తకాల్లో వున్నవన్నీ నువ్వు ఒప్పుకుంటావా?" అని. "లేదు సర్. కొన్నిటికి మనసు ఒప్పదు. ఒప్పకపోతే ఎందుకు ఒప్పలేదో రాయమంటారు. దానికి కూడా మార్కులిస్తారు" అన్నది. మన బళ్ళలో టీచరు చెప్పింది ఒప్పుకోకపోతే ఏమిస్తామో మీకు తెలుసు!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. మూడో సెమిస్టరులో 'స్త్రీల శ్రమ' అనే పేపరు. అందులో మన తెలుగు గడ్డ మీద జరిగిన ఒక పరిశోధన పాఠంగా వున్నది. మరియా మీస్ అనే జర్మను పండితురాలు పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురానికి వచ్చి అక్కడ లేసు అల్లే ఆడవాళ్ళ బ్రతుకులు చూచి 1982లో పుస్తకం వేసింది. ఆ లేసు ఓడలెక్కి విదేశాలకు పోతుంది. వ్యాపారులు మేడలు కట్టినారు. అల్లిన ఆడవాళ్ళను 'మీరేం చేస్తారు' అని అడిగితే 'ఇంట్లో వుంటాం' అన్నారట. వారి చేత పని చేయించుకొనేవారు కూడా 'తీరిక వేళల్లో అల్లుకుంటారు' అన్నారట. ఇంట్లో కూర్చొని చేస్తే అది పని కాదు, తీరిక! ఆ మాట వల్లనే కూలి కూడా తీరికకు ఇచ్చినంతే ఇచ్చినారు.

ఆ పాఠం చదివిన రాత్రి ఆ పిల్లకు నిద్ర పట్టలేదట. నర్సాపురం పేరు తీసేసి మన ఊరి పేరు పెడితే సరిపోతుంది. లేసు తీసేసి బీడీ పెడితే సరిపోతుంది.

కాలేజీవాళ్ళు ఒక పని ఇచ్చినారు. మీ ఇంట్లో ఒక రోజు ఎవరెవరు ఏయే పని ఎంతసేపు చేస్తారో గడియారం పెట్టుకొని రాయమన్నారు. ప్రభుత్వం కూడా ఇట్లాంటి లెక్క తీసింది. 2019లో దేశమంతటా తీసిన లెక్కలో, ఇంటి పని చేసే స్త్రీలు సగటున రోజుకు 299 నిమిషాలు చేస్తే, చేసే పురుషులు 97 నిమిషాలు చేసినారు. 'చేసే పురుషులు' అన్న మాట గమనించండి. అసలే చేయనివారు ఈ సగటులోకి రారు! 2024లో మళ్ళీ తీసినారు. స్త్రీలకు 289, పురుషులకు 88 నిమిషాలు. అయిదేండ్లలో ఆడవారికి పది నిమిషాలు తగ్గినాయి. మగవారు కూడా వెనుకబడక తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు!

ఆ పిల్ల తల్లి పక్కన కూర్చొని రాసింది. ఫజర్‌కు ముందు లేవడం, నీళ్ళు పట్టడం, నాస్తా, డబ్బాలు, బట్టలు, అత్తగారికి మందులు. అవి అయినాక చాట ఒళ్ళో పెట్టుకోవడం. తునికాకు నానబెట్టడం, కత్తిరించడం, పొగాకు పోసి చుట్టడం, దారం కట్టడం. వెయ్యి బీడీలంటే ఇరవైయైదేసి బీడీల కట్టలు నలభై. మధ్యలో పొయ్యి మీద కూర. ఇషా తరువాత కూడా చాట దిగదు. రాత్రి కాగితం కూడితే కూతురికి అర్థమయింది, అమ్మ కూర్చొని తిన్నది మొత్తం మీద పద్నాలుగు నిమిషాలు. అంతలో పక్కింటామె వచ్చి, "ఏం చేస్తున్నవ్?" అంటే తల్లి, "ఏం లేదు, ఊరికే కూర్చున్న" అన్నదట.

1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చొని చుట్టేవారిని కూడా కార్మికులనే అన్నది. అంటే ఢిల్లీలో పార్లమెంటు ఆ తల్లిని పనిమంతురాలిగా గుర్తించింది. గుర్తించనిది ఎవరో తెలుసా? మన సంఘం. స్కాలర్‌షిప్పు దరఖాస్తు నకలు ఆ పిల్ల మా ముందు పెట్టింది. 'తండ్రి వృత్తి: ఆటో డ్రైవరు. తల్లి వృత్తి: ఏమీ లేదు.' ఆ అక్షరాలు మావే. పిల్లకు తెలుగులో నింపడం రాదని మేమే నింపినాము. ఏమీ చేయని ఆ తల్లి కమ్మల మీదనే, మనం వాయిదా వేసిన ఫీజు కట్టబడింది!

ఆఖరి సెమిస్టరులో ప్రాజెక్టు రాయాలి. ఆ పిల్ల మా బడి దాఖిలా రిజిస్టర్లు చూపించమన్నది. ఒకటో తరగతిలో చేరిన ఆడపిల్లల్లో పదో తరగతి దాకా ఎంతమంది నిలిచినారో చూస్తానన్నది. హెడ్మాష్టరుగారి అనుమతి తీసుకొని బీరువా తెరిచినాము. దుమ్ము దులిపి పాత రిజిస్టర్లు బల్ల మీద వేసినాము. తను పేర్లు చదువుతుంటే మేము తరగతులు చెబుతూ రాయించినాము.

మేము అనుకొనేది, మనవాళ్ళు ఆడపిల్లలను బడికి పంపరు అని. రిజిస్టరు అట్లా చెప్పలేదు. పంపినారు. ఒకటో తరగతిలో ఆడపిల్లల పేర్లు మగపిల్లలకు సమంగా వున్నాయి. కొన్నేండ్లు ఎక్కువే వున్నాయి. అయిదు దాటగానే ఎర్ర సిరా మొదలవుతుంది. ఆరు, ఏడు, ఎనిమిది. పేరు మీద ఎర్ర గీత, పక్కన కారణం. మగపిల్లల పేర్ల పక్కన కారణాలు రకరకాలు: వేరే బడికి పోయినాడు, ఊరు మారినారు, ఫెయిలయినాడు. ఆడపిల్లల పేర్ల పక్కన పేజీ తరువాత పేజీ ఒకటే మాట: 'ఖానగీ వుజూహాత్'. అంటే ఇంటి కారణాలు. రాసేవారికి కూడా విసుగు పుట్టి కింది పేర్లకు చుక్కలు పెట్టి వదిలేసినారు.

1988 నాటి రిజిస్టరు తిప్పుతుండగా ఆ పిల్ల ఒక పేరు దగ్గర ఆగింది. "సర్, ఈ తండ్రి పేరు మీ నాయనగారిది కాదూ?" అన్నది. చూచినాము. మా ఆపా పేరు. ఏడో తరగతి. ఎర్ర గీత. ఖానగీ వుజూహాత్.

ఆ బడిలో మేము చదివినాము. ఆ బడిలోనే చాలా యేండ్లుగా పాఠాలు చెబుతున్నాము. ఆ బీరువా తాళంచెవి కూడా మా జేబులోనే వుంటుంది. ఒక్కనాడూ ఆ పేజీ తెరవలేదు. ఆపా మాకన్న నాలుగేండ్లు పెద్ద. నాయన కుట్టుపని చేసేవారు. కండ్లు మందగించి మిషను ముందు కూర్చోలేని యేడు ఆపా బడి మాని చాట అందుకున్నది. మేము ఎస్సెస్సీ పాసయినాము, ఇంటరు, డిగ్రీ, ట్రైనింగు అయినాయి. 'కష్టపడి చదువుకున్నాడు' అని మీరందరూ మమ్మల్ని మెచ్చుకున్నారు. ఈ వేదిక మీదనే ఒకసారి శాలువా కూడా కప్పినారు.

ఆనాటి సాయంత్రం ఆపా ఇంటికి పోయినాము. రిజిస్టరులో నీ పేరు చూచినామని చెప్పినాము. ఆమెకు నవ్వు వచ్చింది. "ఏడో తరగతిలో లెక్కల్లో నేనే ఫస్టు, తెలుసా?" అన్నది. మాకు తెలియదు. "పేరు పక్కన ఇంటి కారణాలు అని రాసి వున్నది ఆపా" అన్నాము. "ఇంటి కారణమంటే ఇంకేమున్నదిరా, నువ్వే గదా!" అన్నది. కోపంతో అనలేదు. చాయ్ పోస్తూ అన్నది. కాని ఆ మాట ఇప్పటికీ మా చెవిలో వున్నది.

పెద్దలారా! ఈ చదువు ఆడపిల్లలను ఇంటి మీదికి ఎగదోస్తుందని మనం భయపడినాము. మేము చూచింది వేరు. ఆ పిల్ల ఇంటిని దూరం చేసుకోలేదు. ఇంట్లో ఎవరూ లెక్కపెట్టనిదాన్ని లెక్కపెట్టింది. తల్లి పక్కన కూర్చొని ఒక రోజంతా చూచింది. మనలో ఎంతమంది కొడుకులం అట్లా చూచినాము?

ఇంకో మాట కూడా ఆ పిల్ల అన్నది. చెబితే కొందరికి కష్టం కలగవచ్చు. "సర్, ఆడపిల్లకు ఆస్తిలో వాటా ఇవ్వమని మన దీన్‌లో రాసి వున్నది. మహర్ ఇవ్వమని రాసి వున్నది. జోడే కీ రఖమ్ పుచ్చుకోమని ఎక్కడా రాసి లేదు. రాసింది ఇవ్వము, రాయనిది పుచ్చుకుంటాము. మళ్ళీ ఈ చదువు వల్ల దీన్ చెడిపోతుందంటాము" అన్నది. దీనికి మా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర వుంటే భోజనాల దగ్గర చెప్పండి, ఆ పిల్లకు చేరవేస్తాము.

ఈ మైనరు చదివితే ఉద్యోగం తప్పక వస్తుందని మేము చెప్పము. యు.జి.సి. నెట్ పరీక్షలో ఇది ఒక సబ్జెక్టుగా వున్నది. స్త్రీ శిశు సంక్షేమం వంటి పనుల్లో పనికి వస్తుంది. అంతవరకే చెప్పగలము. ఒక సంబంధంవారు ఈ పేరు విని వెనక్కి పోయిన మాట కూడా నిజమే. దాచము. ఆ పిల్ల ఇప్పుడు ఎం.ఏ. అర్థశాస్త్రం చదువుతున్నది. సెలవుల్లో వచ్చినప్పుడు మా బడిలో ఏడో తరగతి ఆడపిల్లలకు లెక్కలు చెబుతున్నది. ఏడో తరగతే ఎందుకో మీకు చెప్పనక్కర లేదు.

ఇక మా మనవి. నాలుగు చిన్న సంగతులు.

ఒకటి. మన స్కాలర్‌షిప్పు దరఖాస్తులో తల్లి పేరు, తల్లి చేసే పని ఉన్నదున్నట్టు రాయించాలి. బీడీ చేస్తే బీడీ అని, కుట్టుపని చేస్తే కుట్టుపని అని, ఇంటిపనే చేస్తే ఇంటిపని అని. 'ఏమీ లేదు' అనే మాట మన కాగితాల్లో వుండకూడదు.

రెండు. మార్కులు చూడండి, అవసరం చూడండి. సబ్జెక్టు పేరు చూచి వాయిదా వేయకండి. ఏ నిర్ణయమైనా ఫీజు గడువుకు ముందే చేయండి. గడువు దాటినాక ఇచ్చే స్కాలర్‌షిప్పు పెండ్లి అయినాక వచ్చిన బ్యాండు వంటిది.

మూడు. ఏ బడిలోనైనా మన ఆడపిల్ల పేరు మీద ఎర్ర గీత పడితే పదిహేను రోజుల లోపల మన సంఘం నుండి ఇద్దరు ఆ ఇంటికి పోవాలి. పోయి 'ఇంటి కారణం' ఏమిటో అడగాలి. ఫీజా? బస్సా? తమ్ముడి చదువా? చాలాసార్లు ఆ కారణం కొద్ది డబ్బుతోనో, ఒక మంచి మాటతోనో తీరిపోయేదే అయి వుంటుంది. ఆ పనికి మొదటి పేరు మాది రాసుకోండి.

నాలుగు. మన సావనీరు పాత సంచికలు కూడా ఆ పిల్ల తిరగేసింది. దాతల పట్టికలో మగవారి పేర్లు పూర్తిగా వున్నాయి. ఆడవారు చందా ఇచ్చిన చోట 'ఫలానా సాహెబుగారి సతీమణి' అని వున్నది. ఇంకా కొన్నిచోట్ల 'ఒక సోదరి' అని వున్నది. ఇష్టమైనవారి పేర్లయినా పేర్లుగానే అచ్చువేయండి. ఈరోజు రెండు వందల మందికి వంట చేసిన తల్లుల పేర్లు కూడా ఒక పేజీలో వేయండి. వేదిక మీద కూర్చున్న మా పేర్లు ప్రతి యేడూ వేస్తూనే వున్నారు గదా!

కార్యదర్శిగారు తల వూపుతున్నారు. వూపినందుకు మీరందరూ సాక్షులు.

మా ఆపా ఈ సభలోనే పరదా అవతల కూర్చొని వున్నది. తమ్ముడు ఏం మాట్లాడుతాడో వినాలని వంట సగంలో ఇంకొకరికి అప్పజెప్పి వచ్చింది. మా చదువుకు అయిన ఖర్చులో ఎన్ని వేల కట్టలు ఆమె చేతి మీదుగా పోయినాయో ఏ రిజిస్టరులోనూ లేదు. ఇందరి ఎదుట ఈ మాట చెప్పుకోవడం ఇది మొదటిసారి. ముప్ఫై యేండ్లు ఆలస్యమయింది, మన్నించాలి ఆపా.